నేను ఏరేసిన వాగ్దానాలు

మా సంఘంలో నాకు రెండు పేర్లున్నాయి. ఎదురుగా ఉన్నప్పుడు "మేడమ్‌గారు" అంటారు, జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాను కాబట్టి. నేను పక్కకి తిరగ్గానే "లాయరమ్మ" అంటారు. ఆ సంగతి నాకు తెలియదనుకుంటారు. తెలుసు. పైగా ఆ పేరు కష్టపడి సంపాదించుకున్నదే. క్రిస్మస్ చెట్టుకి దూది అంటిస్తుంటే, మౌలాలిలో మంచు ఎప్పుడు కురిసిందో చెప్పండని నిలదీసింది నేనే. ప్రసంగం ముప్పావుగంట దాటితే వాచీ విప్పి బల్ల మీద పెట్టేదీ నేనే. పిల్లి ఎదురొచ్చిందని పక్కింటావిడ స్కూటీ వెనక్కి తిప్పుకుని వచ్చేస్తే, "పాపం ఆ పిల్లి కూడా మిమ్మల్ని చూసి పని మానుకుని ఇంటికెళ్ళిపోయుంటుంది" అన్నాను. ఆవిడ నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు.

ఇంత నోరున్న నేను, అరచేతిలో పట్టే ఒక అట్టముక్కకి పదకొండేళ్ళు భయపడ్డాను. ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆ పిల్లి సంగతి గుర్తుచేస్తారు కదా.

మా గుళ్ళో కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన అయ్యాక వాగ్దానాల పళ్ళెం పెడతారు. పళ్ళెం నిండా చిన్న చిన్న అట్టముక్కలు బోర్లించి ఉంటాయి. ఒక్కొక్క దానిమీద ఒక్కొక్క బైబిలు వాక్యం. వరుసలో వచ్చి, కళ్ళు మూసుకుని, ఒకటి తీసుకోవాలి. ఏం వస్తే అదే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. దాన్ని ఫ్రిజ్ మీద అంటించుకునేవాళ్ళుంటారు, బీరువా అద్దానికి గుచ్చేవాళ్ళుంటారు, ఆటో మీటరు పక్కన పెట్టుకునేవాళ్ళుంటారు. అచ్చువేసిన కార్డులు బజార్లో దొరుకుతాయి గాని మా గుళ్ళో వాటిని ఒప్పుకోరు. చేత్తోనే రాయాలి. డిసెంబరు ఆఖరి వారంలో స్త్రీల సమాజం వాళ్ళు ఆ పని చేస్తారు.

పదమూడేళ్ళ కిందట ఆ పళ్ళెంలోంచి నేనొకటి తీశాను, మావారొకటి తీశారు. బయటికొచ్చి గేటు దగ్గర నిలబడి తిప్పి చూసుకున్నాం. ఆయన కార్డు మీద "దీర్ఘాయువుచేత అతనిని తృప్తిపరచెదను" అని ఉంది. నా కార్డు మీద, "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను" అని మొదలవుతోంది. ఆ పైన ఏముందో నేను చదవలేదు. కొత్త చీర కట్టుకుని, కేకు తినడానికి వెళ్ళబోతున్న మనిషికి గాఢాంధకారమేమిటి?

ఆయన నా మొహం చూసి నవ్వారు. "ఏంది లాయరమ్మా, తీర్పు నచ్చలేదా? అప్పీలు చేస్కుంటవా?"

"ఇదేం వాగ్దానమండీ, పొద్దున్నే!"

"గట్లనా? అయితే నాది నువ్వు తీస్కో. చీకట్ల పని నాకు అలవాటే గదా."

ఆయన లోకోషెడ్డులో ఫిట్టరు. ఇంజన్ కింద గుంటలోకి దిగి, టార్చి వెలుతురులో బోల్టులు బిగించే ఉద్యోగం. నా చేతిలో కార్డు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. తన కార్డు నా చేతిలో పెట్టారు. నేను వద్దనలేదు. అదీ అసలు సంగతి. ప్రతిదానికీ అడ్డం చెప్పేదాన్ని, ఆ ఒక్కసారి ఒక్క మాట అనకుండా తీసుకుని బ్యాగు లోపలి అరలో పెట్టి, జిప్పు కూడా వేసుకున్నాను.

జులైలో ఆయనకి గుండె నొప్పి వచ్చింది. ఆపరేషన్ అన్నారు. కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాను. మందులు తెమ్మంటే కిందికి పరిగెత్తాను. నేను పైకి వచ్చేసరికి ఆయన్ని లోపలికి తీసుకెళ్ళిపోయారు. మళ్ళీ ప్రాణంతో బయటికి తీసుకురాలేదు.

ఒక అట్టముక్క మనిషిని చంపదని నాకు తెలుసు. రోజూ పిల్లలకి కార్యానికి కారణం ఉంటుందని చెప్పి జీతం తీసుకునేదాన్ని. కానీ తెలిసినది తలలో ఉంటుంది, భయం కడుపులో ఉంటుంది, రెండింటికీ మధ్య దారి లేదు. ఆయన ఆయుష్షు నేను తీసుకున్నాను, నా చీకటి ఆయనకిచ్చాను. ఇదే మాట, పదకొండేళ్ళు, కుక్కర్ కూత వేసినప్పుడల్లా, క్లాసులో హాజరు పిలిచి తలెత్తినప్పుడల్లా.

ఆ తరువాతి కొత్త సంవత్సరానికి పళ్ళెం నేను పట్టుకుంటానన్నాను. పళ్ళెం పట్టుకున్నవాళ్ళు కార్డు తీసుకోలేదని ఎవరూ గమనించరు. అందరూ మనవైపు చూసి నవ్వి, వందనాలు చెప్పి వెళ్ళిపోతారు. దాక్కోవడానికి అంతకన్నా వెలుతురున్న చోటు లేదు. గుళ్ళో అందరూ కలిసి ఇరవైమూడో కీర్తన చెప్పేటప్పుడు, ఆ లోయ మాట ఉన్న నాలుగో వచనం దగ్గరికి రాగానే నేను కళ్ళజోడు తుడుచుకునేదాన్ని.

అంతటితో ఆగినా బాగుండేది. నా చేతిరాత బాగుంటుందని కార్డులు రాసే పని కూడా నా మెడకే చుట్టారు. పాస్టరుగారు, మేము అయ్యగారంటాం, వాక్యాల జాబితా ఇస్తారు. మొదటి ఏడాది అందులో ఆ లోయ వాక్యం ఒక్కటే రాయకుండా వదిలేశాను. మరుసటి ఏడాది, "నీవు జలములలో బడి దాటునప్పుడు" అని రాస్తుంటే, వానాకాలం ఇంట్లోకి నీళ్ళొచ్చి అల్లాడిన ఒకావిడ గుర్తొచ్చింది. ఇది ఆవిడ చేతికి వస్తే ఎలా? అదీ తీసేశాను. తరువాత అగ్ని ఉన్నది తీసేశాను. తరువాత కన్నీళ్ళు ఉన్నవి. మడిలో కలుపు తీసినట్టు ఏరి పారేశాను. ఖాళీ అయిన చోటల్లా, "నిన్ను తలగా నియమించును గాని తోకగా నియమింపడు" అని నింపాను. ఎవరికీ అభ్యంతరం లేని వాక్యం అది. నాలుగేళ్ళు తిరిగేసరికి మా సంఘంలో ఎటు చూసినా తలలే, తోక మచ్చుకి ఒక్కటి లేదు. కమిటీ మీటింగుల్లో అంత లొల్లి ఎందుకవుతోందో ఎవరికీ అర్థం కాలేదు. నాకు కొంచెం అర్థమైంది.

ఇది కనిపెట్టింది ఒక్కరే. మా అత్తయ్య.

ఆవిడ గురించి చెప్పాలి. పుట్టింది బన్సీలాల్‌పేటలో. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. చేతిలో కర్ర, నోట్లో కట్టుడు పళ్ళు. చూపు తగ్గింది, చెవి మాత్రం పాము చెవి. మాది గుంటూరు వైపు. ఈ ఇంటికొచ్చిన మొదటి వారమే పప్పులో ఉప్పు దగ్గర మాకు యుద్ధం మొదలైంది. మావారు పోయాక మా అన్నయ్య వచ్చి, పిల్లలు కూడా లేరు, ఇక్కడ ఒక్కదానివీ ఏం చేస్తావు, వచ్చెయ్యమన్నాడు. నేను పెట్టె సర్దుతుంటే అత్తయ్య గుమ్మంలో కర్ర ఆనించి నిలబడ్డారు.

"పోతె పో. నేనేం ఆపుతలేను. గాని పొయ్యే ముంగట, ఇన్నేండ్ల సంది గా పప్పుల ఉప్పెందుకు తక్కువేస్తున్నవో జెర చెప్పి పో."

"మీకు బీపీ కాబట్టి!"

"నా బీపీకి లేని తక్లీఫ్ నీకెందుకే?"

ఆ వాదన తేల్చి వెళ్దామని ఆగాను. ఇంతవరకూ తేలలేదు. పొద్దున ఐదున్నరకి ఆవిడ కర్ర గచ్చు మీద టక్కుటక్కుమంటూ బాత్రూమ్ వైపు వెళ్తుంది. అది విన్నాకే నేను కళ్ళు తెరుస్తాను. అలారం పెట్టుకోవడం ఎప్పుడో మానేశాను.

ప్రతి కొత్త సంవత్సరం ఆవిడ కార్డు నేనే చదివి వినిపించేదాన్ని. రెండేళ్ళ కిందట విని, పెదవి విరిచారు.

"ఏందే పిల్లా, ఏటేటా అన్నీ లడ్డూలే వస్తున్నయ్. కారం ముక్క ఒక్కటి సుత రాదా?"

"దేవుడు మీకు తీపి ఇస్తుంటే వద్దంటారేంటి?"

"దేవుడిస్తుండో, నువ్విస్తున్నవో."

నేను గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయాను.

పోయిన నవంబరు కాక అంతకుముందటి నవంబరులో ఆవిడకి కడుపునొప్పి మొదలైంది. పరీక్షలు చేసి గడ్డ ఉందన్నారు. తీసేయాలి, ఈ వయసులో గుండె తట్టుకుంటుందో లేదో చెప్పలేం, తీయకపోతే మాత్రం ఎక్కువ రోజులు ఉండరు అన్నారు. సంతకం పెట్టడానికి ఒక కాగితం ఇచ్చారు. దాన్ని తెచ్చి ఫ్రిజ్ పైన, పాత పేపర్ల కింద పెట్టాను. ఇంకో డాక్టర్‌ని అడుగుదామన్నాను. అడిగాను, ఆయనా అదే చెప్పాడు. అయితే ఇంకొకాయన్ని అడుగుదామన్నాను. ముగ్గురు డాక్టర్లతో గొడవపడ్డాను. వాళ్ళ ముందు నేను అడిగినవన్నీ మంచి ప్రశ్నలే. కానీ నా గొడవ డాక్టర్లతో కాదు, ఆ కాగితంతో. ఒకసారి సంతకం పెట్టాను. పెట్టి, మనిషిని పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఆవిడ కూడా వెళ్ళిపోతే, ఆ ఇంట్లో నేను మాట్లాడితే తిరిగి మాట్లాడేవాళ్ళెవరు?

డిసెంబరు ఆఖరివారం. సెలవులు. మధ్యాహ్నం భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద కార్డులు పరుచుకుని రాస్తున్నాను. అత్తయ్య ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. కళ్ళకి కనబడకపోయినా ఆవిడ వేళ్ళకి కనిపిస్తాయి. ఆ రోజు పప్పులో ఉప్పుకి వంక కూడా పెట్టలేదు. అందుకే నాకు అనుమానం వేసింది.

"నా కొడుకు కార్డు రాసినవా?" అన్నారు, ఉన్నట్టుండి.

నా పెన్ను ఆగిపోయింది. "ఏ కార్డు?"

"తెలవనట్టు అడుగకు. లోయది."

"అది... ఈసారి జాబితాలో లేదు."

"అయ్యగారినడిగిన. ఉన్నదన్నడు. ఏటా ఉంటదన్నడు. పాపం గా మనిషి, ఎవలకీ వస్తలేదేందని ఆయన సుత పరేషాన్ అయితుండు."

పట్టుబడ్డ దొంగ మొదట చేసే పని అరవడం. నేనూ అదే చేశాను. "అయితే ఏం? పండగపూట జనానికి చావు మాటలు పంచాలా? అందరూ సంతోషంగా ఉంటే మీకేం నష్టం?"

"నాకేం నష్టమా?" ఆవిడ చిక్కుడుకాయ పక్కన పెట్టారు. "పదకొండేండ్ల సంది నువ్వు కార్డు తీస్తలేవు. నాకు కండ్లు కనిపియ్యవనుకున్నవా? పళ్ళెం పట్టుకుని నిలబడ్తవ్, గుళ్ళె స్తంభం లెక్క. ఎందుకే?"

ఎంత వాదించేవాళ్ళకైనా ఒకచోట మాట అయిపోతుంది. నాకు అక్కడ అయిపోయింది. గేటు దగ్గర కార్డులు మార్చుకోవడం, జిప్పు వేసుకోవడం, అంతా చెప్పేశాను. "ఆయనది నేను తీసుకున్నా అత్తయ్యా. నాది ఆయనకి ఇచ్చేశా" అన్నాను.

ఆవిడ నవ్వారు. నిజంగా నవ్వారు. "చీటీల ఉంటదానే ఆయుస్సు? దేవుడేమన్న లాటరీ నడుపుతుండా? పిల్లి ఎదురొస్తె గామె మీద అంత ఎగిరినవ్ గదా! నువ్వు చేసిందేంది? గామెది పిల్లి, నీది బైబిలు. గంతే ఫరక్."

తరువాత బొడ్లో దోపుకున్న గుడ్డసంచి తీసి, అందులోంచి మందుల చీటీలూ తాళం చెవీ పక్కన పెట్టి, ఒక అట్టముక్క బయటికి తీశారు. అంచులు అరిగిపోయాయి, మూల నూనె మరక. నేను చూడగానే పోల్చుకున్నాను.

"నువ్వు మందుల కోసం కిందికి పోయినవ్. నేను వాని పక్కన ఉన్న. వాడు జేబులకెళ్ళి ఇది తీసి, అమ్మా సదువు అన్నడు. అప్పుడు నాకు మంచిగనే కనిపిస్తుండె. నీ పెండ్లాం వచ్చినంక చదివిపిచ్చుకో రాదురా అంటె, అది ఏడుస్తది, దానికి ఈ వాక్యమంటె పడది, నువ్వు సదువు అన్నడు. రెండు సార్లు సదివిన. మూడోసారి వాడే అన్నడు, నోటికి. ఇది నీ దగ్గర ఉంచమ్మా అని నా చేతుల పెట్టి, లోపలికి పోయిండు." ఆవిడ కార్డుని బొటనవేలితో రుద్దారు. "నేను ఆయా పని చేసినప్పుడు ఎంతమందిని ఆపరేషన్ తలుపు దాకా తోసుకపోయిననో. భయపడెటోళ్ళ చెయ్యి ఎట్లుంటదో నాకెర్క. నా కొడుకు చెయ్యి వెచ్చగ ఉండె. నీ కార్డు చేసిన పని గది."

"పదకొండేళ్ళు నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగినవా? నీ నోరు జెరసేపు మూతపడితె గదా నాకు సందు దొరికేది!" అని, మళ్ళీ మెల్లగా అన్నారు, "వాని పేరెత్తితె చాలు, నువ్వు లేసి వంటింట్లకు పోతవ్. నేను కర్ర వట్టుకుని నీ ఎనక ఉరకాలెనా?"

నిజమే. పోతాను.

నేను ఏడుస్తున్నాను. ఆవిడ ఓదార్చలేదు, చిక్కుడుకాయలు నావైపు తోశారు, ఊరికే కూర్చోకు అన్నట్టు. కాసేపటికి, కాయల మీదే చూపు పెట్టి అన్నారు.

"నాకు భయమైతున్నదే."

ఆ మాట ఆవిడ నోట నేనెన్నడూ వినలేదు. కొడుకు శవం ముందు కూడా.

"అందరిని నేను తలుపు దాకా తీస్కపోయిన. నన్నెవలు తీస్కపోతరు? ఈ వాక్యం నాకు నోటికొస్తది. గాని లోపలికి తీస్కపొయ్యే ముంగట పళ్ళు తీపిస్తరు. పళ్ళు లేకుంటె నా మాట నాకే సమజ్ కాదు. నువ్వే అనాలె. ఉన్నది ఉన్నట్టు అనాలె. మధ్యల ఏరుడు గీరుడు పెట్టకు."

అంతే ఆవిడ అడిగింది. తలుపు దగ్గర ఒక్క వచనం. గంటలకొద్దీ మాట్లాడగల మనిషికి అదేం పెద్ద పని? నాకు పెద్దదే.

ఆ సాయంత్రం కార్డులు మళ్ళీ మొదటినుంచి రాశాను. లోయ రాశాను, జలములు రాశాను, అగ్ని రాశాను, కన్నీళ్ళు రాశాను. "తల" కార్డులు సగం చింపేశాను. అత్తయ్య పక్కన కూర్చుని, వాళ్ళ బన్సీలాల్‌పేట బావి గురించి చెప్తూనే ఉన్నారు. తన చిన్నతనంలో అందులో మెట్లు దిగి ఆడుకున్నారట, తరువాత జనం చెత్త పోసి పోసి పూడ్చేశారట. "మొన్నమొన్న బాగుచేసిర్రు గదా, పోయి సూసొచ్చిన. చెత్త ఎత్తేస్తె నీళ్ళు ఆడనే ఉన్నయ్. యాడికి పోతయ్?" అన్నారు. నాకు పాఠం చెప్తున్నారా, ఊరికే అంటున్నారా అని అడిగాను. "నువ్వు లెక్చరర్‌వి, నీకు నేను చెప్పుడేంది" అన్నారు.

కొత్త సంవత్సరం వచ్చింది. పళ్ళెం నేనే పట్టుకున్నాను. అప్పటికి అంత మాత్రమే ధైర్యం. అత్తయ్యకి మిగిలిన సగం "తల"ల్లో ఒకటి వచ్చింది. "మల్ల తలనేనా? ఉన్న తలల పళ్ళే లేవు" అని గొణుక్కుంటూ వెళ్ళారు. లోయ కార్డు యాప్రాల్ నుంచి వచ్చే ఒక రిటైర్డ్ మిలిటరీ ఆయనకి వచ్చింది. భార్య పోయి రెండేళ్ళు. గుళ్ళో ఎవరితోనూ మాట్లాడడు. ఆయన దాన్ని అక్కడే తిప్పి చదివాడు. వరుస ఆగిపోయింది. వెనకవాళ్ళు సణుగుతున్నారు. ఆయన మళ్ళీ మొదటినుంచి చదివాడు. తరువాత చొక్కా జేబులో పెట్టుకుని, పైనుంచి అరచేత్తో అదిమి, "థాంక్యూ అమ్మా" అన్నాడు. రెండేళ్ళుగా ఆయనకి నేను లడ్డూలు పెట్టాను. ఆకలి దేనికో అడగలేదు.

మరునాడు ఫ్రిజ్ మీద పాత పేపర్ల కిందనుంచి కాగితం తీసి సంతకం పెట్టాను. నా సంతకం నాదిలా లేదు. అయినా అది నాదే.

ఆపరేషన్‌కి ముందు పదిరోజులు నేను వాక్యం సాధన చేశాను. "గాఢాంధకారపు లోయలో" దాకా వచ్చేది, అక్కడ ఆగిపోయేది. గిన్నెలు తోముతూ అన్నాను, స్కూటీ మీద అన్నాను, ల్యాబులో పిల్లలు సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర చూస్తుంటే పెదవుల్లో అనుకున్నాను. హాల్లోంచి అత్తయ్య అరిచేవారు, "ఆగిపోయినవేంది? మల్ల షురూ చెయ్యి!" ఎక్కం అప్పజెప్పలేని పిల్లని చేశారు నన్ను. ఒక్కసారి కూడా చివరిదాకా రాలేదు.

ఆ రోజు ఉదయం నర్సు వచ్చి గాజులు తీయించింది, కళ్ళజోడు తీయించింది, పళ్ళ సెట్టు తీసి స్టీలు డబ్బాలో వేసి నాకిచ్చింది. పళ్ళు తీయగానే ఆవిడ మొహం సగమైపోయింది. స్ట్రెచర్ మీద, ఆకుపచ్చ గౌనులో, చిన్నపిల్లలా ఉన్నారు. ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర వార్డుబాయ్ నన్ను ఆపాడు. నలభై ఏళ్ళ మనిషి, పాపం మర్యాదగానే చెప్పాడు.

"మేడమ్, ఈడిదాకనే. జెర పక్కకు జరుగుర్రి."

"ఒక్క నిమిషం ఆగలేరా? మీకు తల్లి లేదా? పేషెంటుతో ఒక్క మాట మాట్లాడకూడదని ఎక్కడ రాసుంది? చూపించండి!"

అతను ఏమీ అనకముందే అత్తయ్య నా మణికట్టు మీద గట్టిగా చరిచారు. పళ్ళు లేని నోటితో ఏదో అన్నారు. మాట అర్థం కాలేదు, తిట్టు అని మాత్రం అర్థమైంది. ఆ చెయ్యి మంచులా ఉంది. భయపడేవాళ్ళ చెయ్యి ఎలా ఉంటుందో ఆవిడే చెప్పారు కదా.

నేను ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను. పళ్ళ డబ్బా మా ఇద్దరి మధ్య ఇరుక్కుంది.

"గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను," అన్నాను. ఆగాను. గేటు, కొత్త చీర, జిప్పు చప్పుడు. వార్డుబాయ్ ఎటో చూస్తున్నాడు. అత్తయ్య కళ్ళజోడు లేని కళ్ళతో నావైపు చూస్తున్నారు, నేను కనిపించనని తెలిసి కూడా.

"ఏ అపాయమునకు భయపడను," అన్నాను, అబద్ధం చెప్తున్నట్టుగా. ఆ తరువాతి మాట అదంతటదే వచ్చింది. "నీవు నాకు తోడై యుందువు."

అప్పుడు నాకు తెలిసింది. పదకొండేళ్ళుగా నేను ఆ వాక్యంలోకి లోయ దాకా వెళ్ళి, అక్కడే మావారిని వదిలేసి, వెనక్కి పరిగెత్తుకొస్తున్నాను. ముందుకి ఒక్క అడుగు వేసి చూడలేదు. అక్కడ ఆయన ఒంటరిగా లేరు. ఎప్పుడూ ఒంటరిగా లేరు.

"నీ దుడ్డుకర్రయు నీ దండమును నన్ను ఆదరించును," అని ముగించాను. ఆవిడ తల ఊపారు. బోసినోటితో ఇంకోసారి అనమన్నట్టు వేలు చూపించారు. అన్నాను. రెండోసారి వార్డుబాయ్ కూడా తల వంచి నిలబడ్డాడు. అతను ఏ మతమో నేను అడగలేదు. ఆవిడ వేళ్ళు కొంచెం వెచ్చబడ్డాయి, లేదా నా వేళ్ళే ఆ చల్లదనానికి అలవాటుపడ్డాయి. ఆవిడే ముందు చెయ్యి వదిలారు.

తలుపు మూసుకున్నాక నాకు భయం పోయిందని చెప్తే అది పచ్చి అబద్ధం. నాలుగు గంటలు బెంచీ మీద భయం నా పక్కనే కూర్చుంది. కాకపోతే అంతకుముందులా అది ఒక్కటే కూర్చోలేదు. పళ్ళ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆ వచనంలో అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడిచాను. లోయలో మూల మూలా చూశాను. ఒకచోట మావారు టార్చి పట్టుకుని నవ్వుతున్నట్టే అనిపించింది.

ఆవిడ బతికారు. బతికారు కాబట్టి వాక్యం నిజమైందని ఎవరైనా సాక్ష్యం చెప్తే నేను లేచి వాదిస్తాను. ఆయన పోయినప్పుడూ అది నిజమే. అది ఒప్పుకోవడానికే నాకు పదకొండేళ్ళు పట్టింది. మర్నాడు కళ్ళు తెరిచి ఆవిడ మొదట పళ్ళడిగారు. పెట్టుకుని, "సంచరించినను దగ్గర ఎందుకే అంతసేపు ఆగినవ్? నాకు భయమేసింది, మరిచిపోయినవేమోనని" అన్నారు.

ఆవిడ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పొద్దున ఐదున్నరకి ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. బట్టలకోసం వచ్చి పడుకున్న రోజు నాకు మెలకువ రాక కాలేజీకి ఆలస్యమైంది. ఇంటికి తిరిగొచ్చిన మూడోనాడు, తెల్లవారుతుండగా, గచ్చు మీద టక్కుమంది. ఆగింది. మళ్ళీ టక్కుమంది. చిన్నప్పుడు సండేస్కూల్లో, దుడ్డుకర్ర ఆదరించడమేమిటి, కర్ర కొడుతుంది కదా అని టీచర్‌తో తగువుపడ్డాను. ఆ పొద్దున దుప్పటి మొహం మీదకి లాక్కుని, ఆ టీచర్‌కి క్షమాపణ చెప్పుకున్నాను.

ఈ కొత్త సంవత్సరం పళ్ళెం ఇంకొకావిడకి ఇచ్చి, నేను వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తీసుకుని, చూడకుండా గుప్పిట్లో పట్టుకుని ఇంటికి తెచ్చాను. పాలు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి అత్తయ్య కుర్చీలో కర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నారు.

"సదువు. ఉన్నది ఉన్నట్టు సదువు."

తిప్పాను. నా చేతిరాతే. నేనే ఒకప్పుడు ఏరి పారేసిన వాక్యం.

"నీవు అగ్నిమధ్యను నడచునప్పుడు కాలిపోవు," అని చదివాను, చివరిదాకా.

ఆవిడ కర్ర మీంచి గడ్డం ఎత్తారు. "మార్చుకుంటవా? నాది తలనే వచ్చింది మల్ల."

కొడుకు గొంతే. అదే ఆట పట్టించడం. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"వద్దత్తయ్యా. నాది నాకుండనివ్వండి."

"మంచిది. అయితే పోయి ముందు గా అగ్గి బంద్ చెయ్యి. పాలు పొంగుతున్నయ్."

పరిగెత్తాను. సగం పాలు స్టౌ మీదే ఉన్నాయి. తుడిచి, మిగిలిన పాలతో టీ పెట్టి, కార్డు ఫ్రిజ్ మీద అంటించాను. తరువాత బీరువాలోంచి పాత బ్యాగు తీసి, లోపలి అర జిప్పు లాగాను. తుప్పుపట్టి రాలేదు. కొబ్బరినూనె రాస్తే వచ్చింది. దీర్ఘాయువు కార్డు కూడా తీసి, దాని పక్కనే అంటించాను. ఆయన పేరెత్తి, ఇది మీ అబ్బాయిది అన్నాను, వంటింట్లోకి పారిపోకుండా.

"టీల చక్కెర తక్కువైంది," అన్నారు అత్తయ్య.

"తక్కువేం కాలేదు," అన్నాను, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటూ.